మేనత్తకు పంపే సీడీ

మంచిర్యాలలో కిరాయి ఇల్లు, మధ్యాహ్నం రెండు గంటలు. పాత కంప్యూటర్ ముందు సృజన. ఫోన్‌లో, బొగ్గు గని మీద, కార్మికులకు దీపాలిచ్చే ల్యాంపు రూములోంచి, ఏడాదిగా మాటల్లేని ఆమె అన్న శ్యాంసుందర్.

"ట్రే బయటికి వచ్చిందా లేదా? ముందు అది చెప్పు."

"వచ్చింది అన్నా. సప్పుడు మాత్రం పిండి గిర్నీ లెక్క చేస్తుంది."

"చెయ్యనీ. ఇరువై రెండేండ్ల కిందటి సీడీ రైటర్ అది. నేను పాలిటెక్నిక్ చదివేటప్పుడు పెట్టిచ్చింది. ఇంకా బతికుందంటేనే గొప్ప."

"రైటర్ బతికే ఉంది. కానీ సీడీలు చేసే సాఫ్ట్‌వేర్ తెరిస్తే మాత్రం డ్రైవ్ లేదంటుంది."

"లేదంటుందా? కండ్ల ముంగట ఉంటే లేదంటుందా?"

"గట్లనే అంటుంది. అందుకే నీకు చేసిన ఫోన్. నువ్వు ఎక్కించిన లినక్స్ కదా, నీకే ఎరుక."

"ఇంకా నడుస్తుందా నేను ఎక్కించింది?"

"నడుస్తుంది."

"చూసినవా! విండోస్ అయితే ఈపాటికి వైరస్ పట్టి ఎప్పుడో సచ్చేది. ఆ రోజు బాపు ఏమన్నడో గుర్తుందా? గిదేం కంప్యూటర్‌రా, అన్ని ఇంగ్లీషు అక్షరాలే ఉన్నయ్, ఒక్క సినిమా రాదు అన్నడు."

"గుర్తుంది. తొందరగ చెప్పు అన్నా, నాకు టైం లేదు."

"ఏడాది నుంచి పలకరియ్యనిదానివి, ఇయ్యాల గింత తొందర ఏందే?"

"ఎల్లుండి బాపు సంవత్సరికం. మంథని మేనత్తకు కాళ్లు వస్తలేవు, రాను చాతకాదు. తమ్ముని గొంతు ఒక్కసారి ఇనిపియ్యమని ఏడుస్తుంది. మన పక్కింటి సంపత్ నాలుగున్నర బస్సుకు మంథని పోతుండు. ఆయన చేతిల పెట్టి పంపాలె."

"పెన్‌డ్రైవ్‌ల ఏసియ్యరాదు?"

"మేనత్త ఇంట్ల ఉన్నది పాత డీవీడీ ప్లేయర్. దాంట్ల పెన్‌డ్రైవ్ ఏడ గుచ్చుతది?"

"మరి దుకాణంల చేపిచ్చుకోరాదు?"

"ఐదు దుకాణాలు తిరిగిన. సీడీ రైటర్ అనంగనే నవ్వుతున్నరు. ఖాళీ సీడీలే ఒక్క దుకాణంల దొరికినయ్, అవి కూడా రెండే. ఆయన దుమ్ము తుడిచి ఇచ్చిండు."

"సరే సరే. నువ్వు ఎవరి పేరు మీద లోపలికి పోయినవ్? నీ పేరు మీదనా, నా పేరు మీదనా?"

"నా పేరు మీదనే."

"గదే కథ. నీ పేరుకు రైటర్ ముట్టుకునే పర్మిషన్ లేదు."

"ఎవరు ఇయ్యలే?"

"నేనే ఇయ్యలే. అప్పట్ల నువ్వు ఏదన్న ఒత్తి ఖరాబు చేస్తవని…"

"అంటే వస్తువు ఇంట్లనే ఉంటది. నాకు మాత్రం హక్కు ఉండది."

"ఎహె, మాట మాటకు గుచ్చకు సృజనా. మంచిగ చెప్తున్న కదా."

"గుచ్చుతలేను. ఇప్పుడు ఇయ్యొచ్చా ఆ పర్మిషన్?"

"ఇయ్యొచ్చు. కానీ నా పేరు మీద లోపలికి పోవాలె. దానికి నా పాస్‌వర్డ్ కావాలె."

"చెప్పు."

"ఫోన్‌ల ఎందుకు? ఆదివారం నాకు సెలవు. నేనే వచ్చి చేసిస్త. గట్లనన్న ఇంటికి వచ్చినట్టు ఉంటది. కన్న అవ్వను చూసినట్టు ఉంటది."

"ఆదివారం ఎందుకన్నా, సంవత్సరికం అయిపోయినంక? ఇయ్యాల్నే కావాలె."

"అవ్వ ఏడ ఉంది?"

"ఈడనే ఉంది. నా పక్కన కుర్చీ ఏసుకొని చూస్తుంది."

"అవ్వా! అవ్వా, మంచిగున్నవా?"

"నోట్ల తంబాకు ఉంది ఆమెకు. మాట్లాడదు. పాస్‌వర్డ్ చెప్పు."

"…గని మీద బాపు టోకెన్ నంబర్."

"నంబర్ చెప్పు."

"బాపు టోకెన్ నంబర్ నీకు తెల్వదా?"

"తెలుసు. నీ నోటితోని ఇందామని."

"ఏడు రెండు సున్నా నాలుగు ఒకటి. సాలా?"

"సాలు. కొడుతున్న… ఏం కనబడతలేదు. ఎంత కొట్టినా ఒక్క అంకె పడ్తలేదు."

"పడుతది, కనబడది. లినక్స్ గంతే. పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు సుక్క కూడా చూపియ్యది. కండ్లు మూసుకొని కొట్టి ఎంటర్ ఒత్తు."

"తెరుసుకుంది."

"ఇగ నల్ల కిటికీ తెరువు. టెర్మినల్ అని ఉంటది. తెరిసినవా? నేను చెప్పినట్టే కొట్టు. సుడో. ఖాళీ, అంటే స్పేస్. యూజర్‌మాడ్. ఖాళీ. మైనస్, చిన్న ఏ, పెద్ద జీ. ఖాళీ. సీడీరోమ్, అంతా కలిపి. ఖాళీ. నీ పేరు."

"మైనస్… పెద్ద జీ… ఖాళీ…"

"చిన్న ఏ కొట్టినవా? చిన్న ఏ మర్సిపోకు. అది లేకుంటే కొత్త దాంట్ల ఎక్కిస్తది కానీ, ఇదివరకు నీ పేరు ఉన్న కాడల్ల కొట్టేస్తది."

"పేరు కొట్టేసుడు గింత అల్కగా అన్నా? ఒక్క అక్షరం ఇడిసిపెడితే సాలా?"

"ముచ్చట్లు తర్వాత. ముందు కొట్టు."

"కొట్టిన. చిన్న ఏ ఉంది. ఎంటర్ ఒత్తాల్నా?"

"ఒత్తు. ఒక్క నిమిషం ఆగు… ఆఁ రాములన్నా, నీ దీపం రెండో వరసల ఉంది సూడు, ఛార్జింగ్ అయింది. తీస్కపో… ఆఁ చెప్పు సృజనా."

"ల్యాంపు రూంల సల్లగ ఉంటదా అన్నా?"

"ఉంటది. కూలర్ ఉంది."

"బాపు ఇరువై తొమ్మిదేండ్లు గనిల కిందికి దిగిండు."

"నాకు తెల్వదా? నాకు చెప్తున్నవా?"

"ఊకెనే అన్న. ఎంటర్ ఒత్తిన. ఏం అనలే, మళ్ల కింది లైన్లకు వచ్చింది."

"ఏం అనకుంటే అయినట్టే. ఇప్పుడు బయటికి పోయి, నీ పేరు మీద మళ్ల లోపలికి రా. పోయి రాకుంటే ఆ హక్కు నీకు రాదు."

"పోయి వస్తున్న… వచ్చిన. సాఫ్ట్‌వేర్ తెరుస్తున్న… వచ్చిందన్నా! రైటర్ పేరు కనబడుతుంది!"

"చెప్పలే? నేను పెట్టిన సిస్టం అది. ఇగ కొత్త ప్రాజెక్ట్ అని ఉంటది, డేటా పెట్టు. ఫైల్ పట్టుకొని దాంట్ల ఏసెయ్యి."

"ఏసిన."

"స్పీడ్ తగ్గించు. పాత సీడీలు కదా, నాలుగు పెట్టు. నిమ్మళంగ రాసుకుంటది… సృజనా, ఒక మాట అడుగుతా?"

"అడుగు."

"బాపు దాంట్ల ఏం మాట్లాడిండు?"

"ఏం మాట్లాడుతడు. ఇంటి ముచ్చట్లే."

"నౌకరి ముచ్చట ఏమన్న తీసిండా?"

"నీకెందుకు భయం? బాపు గనికి అన్‌ఫిట్ అయినప్పుడు, ఆయన బదులు పిల్లలల్ల ఒకలకు ఇచ్చే ఆ నౌకరి నాకు వద్దు, మా అన్నకు ఇయ్యున్రి అని నేనే రాసిచ్చిన కదా. కంపెనీ ఆఫీసుల నా సంతకం పెట్టిన కాగితం ఉంది కదా."

"గదే అంటున్న. నువ్వే రాసిచ్చినవని అందరికి తెలుసు. మళ్ల పాత ముచ్చటలు ఎందుకు?"

"ఔ. అందరికి తెలుసు. నాకొక్కదానికే తెల్వకుండె."

"సృజనా!"

"నొక్కాల్నా అన్నా? బర్న్ అని వచ్చింది."

"…నొక్కు."

"ఆగు. ఒక్క నిమిషం ఆగు."

"నేనెక్కడ పోతున్న? నొక్కమన్న కదా."

"నీతోని కాదు… ఆఁ. అయింది. తిరుగుతుంది."

"తిరగనీ. నాలుగైదు నిమిషాలు పడుతది. కంప్యూటర్‌ను కదిలియ్యకు… సృజనా, అవ్వకు నా మీద కోపమా?"

"ఆమెనే అడుగు."

"ఆమె నన్ను ఒక్క మాట కూడా అనలే. ఊరంత అన్నది. మేనత్త అన్నది. నువ్వు అయితే నడి బజార్ల అన్నవ్. అవ్వ మాత్రం నోరు తెరవలే. గా ధైర్యంతోనే నిలబడ్డ నేను. కన్నది కదా. కొడుకు కడుపు నిండాలని ఎవల అవ్వకు ఉండది?"

"ఊఁ."

"ఊఁ ఏంది?"

"ఇంటున్నం అని. స్పీకర్ పెట్టిన, రెండు చేతులు కావాలె కదా… సీడీ బయటికి వచ్చింది."

"మళ్ల లోపలికి నూకి తెరువు. తెరిసి చూడకుంట ఎవలకు ఇయ్యద్దు."

"ఫైల్ ఉంది. రెండుసార్లు ఒత్తితే… లేదంటుంది. ఏం ఇనబడతలేదు."

"ఫైల్ బొమ్మ మీద సిన్న బాణం గుర్తు ఉందా?"

"ఉంది."

"అయ్యో సృజనా. అది అసలు ఫైల్ కాదే. వచ్చిన ప్రతి ఫైల్ నీకు తొందరగ దొరకాలని, తెర మీద పడేటట్టు నేను పెట్టిన దారి అది. దాన్ని ఒత్తితే అసలు ఫైల్ కాడికి తీస్కపోతది, గంతే. దారిని సీడీల ఏస్తే దారే ఎక్కుతది."

"పేరు ఉంటది, లోపల ఏం ఉండది."

"ఔ."

"పైకి చూస్తే అసలు లెక్కనే కనబడుతది."

"…ఔ."

"ఇంకొక్క సీడీనే ఉంది. రెండు నలభై అయింది. జల్ది చెప్పు."

"అసలు ఫైల్ కాడికే పో. పేరు చదువు, యాడ పడ్డదో చెప్త."

"పేరు ఎందుకు? నేనే ఎతుక్కుంట."

"చదువు అంటున్న కదా."

"…వాట్సాప్ ఆడియో అని ఉంది. ఎనుక ఏవో అంకెలు."

"వాట్సాప్‌దా?"

"ఔ."

"బాపు దగ్గర డొక్కు ఫోన్ కదా ఉండె. బాపు వాట్సాప్ ఎప్పుడు వాడిండే?"

"…నా ఫోన్‌లనే రికార్డ్ చేసిన."

"నీ ఫోన్‌ల రికార్డ్ చేస్తే వాట్సాప్ పేరు ఎందుకు వస్తది?"

"నాకేం తెలుసన్నా? నీ అంత సదువుకున్ననా? ఫోన్‌లకెళ్లి కంప్యూటర్‌లకు ఎట్లనో పంపిన, ఆ పేరు పడ్డది."

"సృజనా. ఏం చేస్తున్నవ్ నువ్వు?"

"సీడీ చేస్తున్న. నీకు నచ్చకుంటే వద్దులే. బాపు గొంతు పంపుదామంటే శ్యాంసుందర్ చెయ్యనియ్యలేదని మేనత్తకు చెప్త. అవ్వ కూడా ఈడనే ఉండి ఇంటుంది."

"ఎహె! ఆగు. నేను వద్దన్ననా? అనుమానంతోని అడిగిన, గంతే. అవ్వా, నేను వద్దనలే. ఇంటున్నవా?"

"ఇంటుంది. చెప్పు."

"సరే. ఈసారి డేటా వద్దు. ఆడియో ప్రాజెక్ట్ అని ఉంటది, అది పెట్టు. పాటల సీడీ లెక్క అయితది. ఏ ప్లేయర్‌ల ఏసినా మాట్లాడుతది."

"ఏ ప్లేయర్‌ల ఏసినానా?"

"ఏ ప్లేయర్‌ల ఏసినా. లినక్స్ కావాలని లేదు, విండోస్ కావాలని లేదు. కింద డిస్క్ క్లోజ్ చెయ్యాల్నా అని ఒక డబ్బా ఉంటది. దాంట్ల టిక్కు పెట్టు."

"పెడితే ఏమైతది?"

"సీల్ పడుతది. ఇగ దాంట్ల ఎవలు ఏం కలుపరాదు, ఏం తీసెయ్యరాదు."

"చేసినోళ్లు కూడా?"

"చేసినోళ్లు కూడా."

"…అన్నా."

"ఆఁ."

"ఏం లేదు."

"టిక్కు పెట్టినవా?"

"పెట్టిన. ఇగ బర్న్ ఒత్తితే అయిపోతదా? మళ్ల ఎనుకకు రాదు కదా?"

"రాదు. ఎందుకు గింత ఆలోచన చేస్తున్నవ్? ఒత్తు."

"ఆగు… ఆగమంటున్న కదా… ఆఁ. అయింది."

"ఎవలితోని అంటున్నవ్?"

"ఎవల్లేరు. తిరుగుతుంది."

"మంచిది. సృజనా, ఇట్ల నువ్వు ఫోన్ చేసుడు నాకు ఎంత మంచిగ అనిపిచ్చిందో తెలుసా? మీ వదిన జ్యోతిరాణి కూడా అంటది, చెల్లెతోని ఎన్ని దినాలు ఇట్ల అని. ఎల్లుండి మేము వస్తం. పిల్లలను పట్టుకొని వస్తం. బాపు ఫోటో ముంగట అందరం కూసుందం. ఏమంటవ్?"

"సీడీ అయిన తర్వాత చెప్త."

"ఇంకా కోపమేనా?"

"సీడీ అయిన తర్వాత చెప్త అన్న కదా… వచ్చింది. బయటికి వచ్చింది."

"లోపలికి నూకి ఇని చూడు. తొందరల మర్సిపోతవ్."

"మర్సిపోను. నువ్వు కూడా ఇను. ఫోన్ దగ్గర పెడుతున్న."

"'…ఆఁ, నేనే పెట్టిన. నీ సంతకం నేనే పెట్టిన, ఏం చేస్తవే? బాపు దవాఖానల మత్తుల పడి ఉన్న దినం, ఆఫీసుల టేబుల్ మీద వంగి నేనే పెట్టిన. బిడ్డకే నౌకరి, బిడ్డకే నౌకరి అని ముసలోడు ఊరంత సాటింపు ఏసిండు కదా. ఏమైంది? పో, ఎవలకు చెప్పుకుంటవో చెప్పుకో…'"

"…బంద్ చెయ్యి."

"ఇంకా ఉంది. నాలుగు నిమిషాలు."

"బంద్ చెయ్యి అంటున్న! ఇది… ఇది నా గొంతు."

"గుర్తువట్టినవ్. మేనత్త కూడా గుర్తువడుతది అనుకుంట."

"ఇది ఎక్కడిదే నీకు? నేను పొద్దుగాల లేసి తుడిసేసిన కదా!"

"నీ ఫోన్‌ల తుడిసినవ్. తాగి పంపినవ్, తాగింది సగం దిగంగనే తుడిసినవ్. 'డిలీట్ ఫర్ మీ' ఒత్తి నీకు మాత్రమే తుడిసినవ్. నాకు ఉన్నది ఉన్నట్టే ఉంది, ఏడాది సంది."

"మంథనికి… ఇది మంథనికి పోదు కదా."

"పోదు. కంపెనీ ఆఫీసుకు పోతది. దొంగ సంతకం మీద ఎంక్వైరీ పెట్టిచ్చిన. పెన్‌డ్రైవ్ ఇస్తే తీసుకోలే, వైరస్ ఉంటదంట. సీల్ కవర్ల సీడీ పెట్టి ఇయ్యాల ఐదు గంటలలోపు ఇయ్యమన్నరు. ఇయ్యాల్నే ఆఖరు దినం."

"నాతోని చేపిచ్చినవా? నా నౌకరి మీదికి సీడీ నాతోనే చేపిచ్చినవానే?"

"పాస్‌వర్డ్ నీ దగ్గరనే ఉండె కదన్నా."

"నేను కాదంట. ఇప్పుడు ఏఐ తోని ఎవల గొంతన్న చేస్తున్నరు. నా గొంతు కాదు, దొంగ గొంతు అంట."

"అను. నా ఫోన్ కూడా ఇస్తున్న వాళ్లకు. నీ నంబర్ మీదికెళ్లి వచ్చింది, తారీఖు, టైం, అన్ని అట్లనే ఉన్నయ్."

"సృజనా, ఇను. నా మాట ఇను. నీకు పోయిన నెలనే నలభై దాటినయ్. నాది పోయినా ఆ నౌకరి నీకు రాదు. నలభై దాటినోళ్లకు కంపెనీ ఇయ్యది. సమజ్ అయితుందా?"

"తెలుసు."

"నీకు రాదే!"

"రాదని తెలుసు."

"మరి ఎందుకే ఇది?"

"నీకు ఉండద్దు. గంతే అన్నా. నాకు రాకపోయినా సరే, నీకు ఉండద్దు. బాపు ఆఖరు మూడు దినాలు నీ చేతి నీళ్లు కూడా ముట్టలే. పెదవుల మీద పోస్తే మొఖం తిప్పుకున్నడు. గుర్తుందా? నేను బడిల నౌకరి ఇడిసి రెండేండ్లు బాపు మలమూత్రాలు ఎత్తి పోసిన. నువ్వు వచ్చింది ఒక్కసారి, నౌకరి కాగితాల మీద బాపు వేలిముద్ర ఏపిచ్చుకునే సిరా డబ్బా పట్టుకొని. అది కూడా గుర్తుందా?"

"తప్పయింది. తప్పయింది అంటున్న కదా. పిల్లలున్నరు సృజనా. క్వార్టర్ ఖాళీ చెయ్యమంటరు. బయట తలకాయ ఎత్తుకోలేను. సీడీ ఇరగ్గొట్టు. నీకు ఏం కావాలె? ఏం కావాలన్నా చేస్త."

"నాకు ఏం కావాల్నో అది చెయ్యలేవు నువ్వు. బాపును లేపుతవా?"

"అవ్వకియ్యి ఫోన్."

"ఎందుకు?"

"ఇయ్యి అంటున్న! నువ్వు మనిషివి కాదు, నీతోని ఏం మాట్లాడేది లేదు. అవ్వకు తెల్వదు నువ్వు గింత పని చేస్తున్నవని. తెలిస్తే ఊకుంటదా? కన్న కొడుకు నౌకరి తీపిస్తుంటే సూసుకుంట కూసుంటదా?"

"అన్నా, అవ్వ జోలి వద్దు. నాతోనే మాట్లాడు."

"భయమైతుందా? అవ్వా! అవ్వా, ఇంటున్నవా? తంబాకు ఉమ్మేసి రా ఒక్కసారి. ఇది నాకు ఉరి పెడుతుంది అవ్వా. నీకు మేనత్త అని అబద్ధం చెప్పి కూసోబెట్టింది. ఆ సీడీ గుంజుకో. దాని చెయ్యి పట్టుకొని ఆపు అవ్వా, నీ కాళ్లు మొక్కుత!"

"శ్యామూ."

"అవ్వా… అవ్వా, చెప్పు దానికి."

"నేను దాని చెయ్యి పట్టలేదు కొడుకా. అదే నా చెయ్యి పట్టుకున్నది, వద్దు అవ్వా అని, రెండుసార్లు. ఇడిపిచ్చుకొని నేనే నొక్కిన."